‘లాంగ్, లాంగ్, లాంగ్’: వైట్ ఆల్బమ్ మూడో వైపు చివర మరుగున పడిన హారిసన్ పాట

నల్లరేగడి (చర్చ ప్రారంభించినవారు):

బీటిల్స్ గురించి ఇక్కడ ఎప్పుడు చర్చ మొదలైనా ఆ నలుగురిలో గిటారు వాయించే జార్జ్ హారిసన్ వంతు వచ్చేసరికి మాట ‘సమ్‌థింగ్’ దగ్గరో ‘హియర్ కమ్స్ ద సన్’ దగ్గరో ఆగిపోతుంది. ఇంకాస్త లోతుగా విన్నవారైతే ‘వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్’ను, అందులో ఎరిక్ క్లాప్టన్ వాయించిన గిటారును తలుచుకుంటారు. ఆ పాట ఉన్న ఆల్బమ్‌లోనే, అంటే 1968 నవంబరు 22న విడుదలై, తెల్లటి అట్ట కారణంగా అందరి నోటా వైట్ ఆల్బమ్‌గా స్థిరపడిపోయిన జోడు రికార్డులోనే (రెండు రికార్డులు, నాలుగు వైపులు), మూడో వైపున చిట్టచివర మూడు నిమిషాల పాట ఒకటి ఉంది. దాని పేరు ‘లాంగ్, లాంగ్, లాంగ్’. ముప్పై పాటల ఆల్బమ్‌లో ఒకటో రెండో మరుగున పడడం మామూలే కదా అని కొట్టివేయవచ్చు గానీ, ఇది మరుగున పడిన తీరు మిగతా వాటిలా లేదు.

దీనికి ముందు వచ్చే పాట ‘హెల్టర్ స్కెల్టర్’. ద హూ అనే మరో రాక్ బృందం చేసిన పాట గురించి ఆ బృందపు గిటారు వాద్యకారుడు పీట్ టౌన్‌షెండ్ గొప్పగా చెప్పిన మాటలు చదివి, అంతకంటే పెద్ద రొద పుట్టించాలన్న పట్టుదలతో పాల్ మెకార్ట్నీ రాసిన పాట అది. స్టీరియో రికార్డులో ఆ పాట సద్దుమణిగినట్టే మణిగి, మళ్ళీ లేచి, వేళ్ళు బొబ్బలెక్కాయని రింగో స్టార్ పెట్టే కేకతో ముగుస్తుంది. ఆ కేక చెవుల్లో ఉండగానే హారిసన్ గొంతు, పక్కగదిలో ఎవరో తమలో తాము పాడుకుంటున్నంత మెల్లగా, మొదలవుతుంది. అంతటి హోరు విన్న చెవికి ఆ మెత్తదనం అందడానికి కొంత సమయం పడుతుంది, ఈలోగా మొదటి చరణం గడిచిపోతుంది.

విన్నవారు దీన్ని మరిచిపోయారని నేను అనుకోవడం లేదు. ఈ పాటను చాలామంది సరిగ్గా విననే లేదన్నది నా అభిప్రాయం. ఈ పాటను ఆ చోట పెట్టడం దానికి జరిగిన అన్యాయమా, లేక అదే దానికి సరైన చోటా అన్న విషయం మీద సభ్యుల ఆలోచనలు తెలుసుకోవాలని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

పాతరికార్డు:

మంచి పాటను ఎత్తుకున్నారు. వాదనలోకి దిగే ముందు దీని ధ్వనిముద్రణ వివరాలు కొన్ని ఇక్కడ ఉంచితే తరువాతి మాటలకు ఆధారంగా ఉంటాయి.

పని 1968 అక్టోబరు 7న లండన్‌లోని ఈఎమ్‌ఐ స్టూడియోలో, అంటే అందరూ ఆబీ రోడ్ అనే చోట మొదలైంది. హారిసన్ పాడుతూ అకూస్టిక్ గిటారు వాయించాడు, మెకార్ట్నీ హేమండ్ ఆర్గన్ ముందు కూర్చున్నాడు, రింగో డ్రమ్స్ అందుకున్నాడు. ఆ ఒక్క దఫాలోనే 67 టేకులు తీశారు. మరునాడు బేస్ గిటారు, హారిసన్ రెండో గొంతు చేరాయి. 9వ తేదీన మెకార్ట్నీ వెనుక గొంతు, అప్పటికి బీటిల్స్ రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్‌కు సహాయకుడిగా ఉన్న క్రిస్ థామస్ పియానో చేరాయి. బృందంలో నాలుగోవాడైన జాన్ లెనన్ ఈ పాటలో ఎక్కడా లేడు. ఆ ఏడాది హారిసన్ పాటల దగ్గర లెనన్ కనబడకపోవడం కొత్త విషయం కాదు కనుక దానిని పెద్దది చేయనవసరం లేదు.

పెద్దది చేయవలసింది చివరి అరనిమిషాన్ని. హేమండ్ ఆర్గన్ ధ్వని లెస్లీ అనే చెక్కపెట్టె గుండా బయటికి వస్తుంది. అందులోని గరాటు గిరగిరా తిరగడం వల్ల స్వరం అలలు అలలుగా ఊగుతుంది. ఆ రోజు ఆ పెట్టె మీద బ్లూ నన్ అనే రకం వైన్ సీసా ఒకటి పెట్టి ఉంది. మెకార్ట్నీ ఒకానొక స్వరం నొక్కగానే పెట్టె అదిరి, దాని మీద సీసా గడగడా వణికింది. ఎవరైనా దాన్ని తీసి పక్కన పెట్టి మరో టేకుకు సిద్ధమయ్యేవారు. వీళ్ళు దాన్ని ఉంచేశారు. ఆ వణుకు మీదికి రింగో స్నేర్ డ్రమ్ మీద కర్రలు దొర్లించాడు, హారిసన్ మాటలు లేని మూలుగు లాంటి రాగం ఒకటి తీశాడు, ఆ తరువాత గిటారు ఒక్కసారి మోగి పాట ముగిసింది. సీసా సంగతి స్వయంగా హారిసనే చెప్పాడు కాబట్టి అభిమానులు అల్లిన కథ అనుకోవడానికి వీలు లేదు.

వేపచెట్టు:

మన్నించాలి, నేను ఈ ఉత్సాహంలో పాలు పంచుకోలేకపోతున్నాను. సీసా వణికింది, బాగుంది; కానీ సీసా వణికినంత మాత్రాన పాట గొప్పదైపోదు. మరుగున పడిన ప్రతి పాటకూ మరుగున పడడమే అర్హతగా చూపించే అలవాటు మన వేదికలో పెరిగిపోయింది. ఈ పాటలో పల్లవి అని పట్టుకోదగ్గది లేదు, స్వరాలు చాలా వరకు బాబ్ డిలన్ పాట నుంచి వచ్చాయి, గాత్రం వినబడదు. హారిసన్‌కు నిజంగా అన్యాయం జరిగింది ‘నాట్ గిల్టీ’ విషయంలో. అదే సంవత్సరం ఆగస్టులో దానికి వంద టేకులు దాటించి కూడా ఆల్బమ్‌లో చోటివ్వలేదు. అతను దాన్ని 1979లో తన సొంత ఆల్బమ్‌లో మళ్ళీ పాడుకోవలసి వచ్చింది. బీటిల్స్ వాయించిన రూపం 1996లో వాళ్ళ పాత రికార్డింగుల సంకలనం ‘ఆంథాలజీ’ మూడో భాగం వచ్చేదాకా అధికారికంగా బయటికి రాలేదు. మన సానుభూతి అంతా చోటు దొరికిన పాట మీద ఖర్చు చేసేకంటే చోటే దొరకని పాట మీద పెట్టడం న్యాయం.

మూడోమెట్టు:

వేపచెట్టు గారూ, డిలన్ ప్రస్తావన మీరే తెచ్చారు కాబట్టి ఆ ముడి విప్పి చూద్దాం. హారిసన్ తన ‘ఐ మీ మైన్’ పుస్తకంలో ఈ పాట స్వరాలు డిలన్ 1966లో చేసిన ‘శాడ్ ఐడ్ లేడీ ఆఫ్ ద లోలాండ్స్’ నుంచి వచ్చి ఉంటాయని, డీ, ఈ మైనర్, ఏ, మళ్ళీ డీ అనే ఆ కార్డుల (కలిపి పలికించే స్వరాల) నడక తనకు నచ్చిందని చెప్పాడు. గిటారు మూడో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి అదిమే బిగింపు) బిగించి అవే వేళ్ళ ఆకారాలు పట్టుకుంటే ఎఫ్, జీ మైనర్, సీ పలుకుతాయి. రికార్డులో పాట ఎఫ్ శ్రుతిలో ఉండడానికి అదే కారణం. రెండు పాటలూ మూళ్ళ లెక్కన ఊగే లయలోనే, మన తిస్ర గతికి దగ్గరగా, నడుస్తాయి. ఇంతవరకు అప్పే, కాదనను.

అయితే ఆ అప్పుతో చేసిన ఇల్లు వేరు. డిలన్ పాట పదకొండు నిమిషాలకు పైగా, జోడు రికార్డులో ఒక వైపంతా ఆక్రమించి, చరణం తరువాత చరణంగా ఒకే ఊపులో సాగుతుంది. అతని పాటలో మాటలు ఆగవు, వాద్యాలు వాటి వెనుక నడుస్తాయి. హారిసన్ పాటలో మాటలు కొన్నే. అతను ఒక పాదం పాడి ఆగగానే ఆ ఖాళీలోకి రింగో డ్రమ్స్ దబదబా వచ్చి పడతాయి. గాత్రం గుసగుస, డ్రమ్స్ మాత్రం తలుపు బాదినట్టు. సాధారణంగా ఇంత నెమ్మదైన పాటకు డ్రమ్మర్‌ను బ్రష్షులతో సర్దుకొమ్మంటారు, లేదా అసలు వద్దంటారు. ఇక్కడ ఆ దెబ్బలే పాడేవాడి లోపలి కల్లోలాన్ని మోస్తున్నాయి. గొంతు దాచుకున్నది డ్రమ్స్ బయటపెడుతున్నాయి. రింగో డ్రమ్స్ వాయించే ప్రతిభ గురించి ఎవరికైనా సందేహం ఉంటే నేను పెద్ద పాటలను వదిలి ఈ పాటనే వినిపిస్తాను.

పట్టుకోదగ్గ పల్లవి లేదన్న మాట నిజమే. మధ్యభాగంలో, ఎన్నో కన్నీళ్ళు వృథా అయ్యాయని చెప్పే చోట, పియానో పైకెక్కుతుంటే హారిసన్ గొంతు మొదటిసారి తెరుచుకుని పైస్థాయికి పోతుంది. పాట మొత్తంలో అతను గొంతెత్తేది అక్కడ మాత్రమే. మామూలుగా పల్లవి చేసే పని ఈ పాటలో ఆ రెండు పాదాలు చేస్తున్నాయి.

శబ్దశాల:

నేను రికార్డింగు పనిలో ఉన్నవాడిని. నల్లరేగడి గారు అడిగిన ‘చోటు’ గురించి సాంకేతికంగా ఒక మాట చెప్పాలి.

లాంగ్‌ప్లే రికార్డు నిమిషానికి ముప్పై మూడుంపావు చుట్లకు కాస్త పైగా, ఒకే వేగంతో తిరుగుతుంది. కానీ అంచున గాడి చుట్టుకొలత పెద్దది, నడుమ లేబులు దగ్గర చిన్నది. అందువల్ల ముల్లు కింద గాడి పరుగు అంచు దగ్గర సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు ఉంటే, లోపలి గాళ్ళలో 20 సెంటీమీటర్ల చుట్టుపక్కలకు పడిపోతుంది. అదే సెకను శబ్దాన్ని సగం కంటే తక్కువ పొడవులో ఇరికించాలి. పెద్ద శబ్దాలు, పదునైన పైస్థాయి ధ్వనులు అక్కడ చెదిరిపోతాయి. అందుకని ఒక వైపు చివర మెల్లని పాట పెట్టడం రికార్డులు తయారుచేసేవారికి పాత అలవాటు. ‘హెల్టర్ స్కెల్టర్’ను చిట్టచివర పెట్టి ఉంటే దాని హోరు లోపలి గాళ్ళలో గరగరమని ముద్దైపోయేది.

కాబట్టి ఆ చోటు ఈ పాటకు తగనిది కాదు. అయితే అదే లోపలి గాళ్ళలో, మెల్లని పాటకు గీతల చిటపటలు ఎదురవుతాయి. బాగా వాడిన రికార్డులో ఈ పాట మొదటి చరణం కంటే దుమ్ము చప్పుడే ఎక్కువ వినిపించడం నేను చాలా ప్రతులలో చూశాను.

ఇంకొకటి. బ్రిటన్‌లో ఈ ఆల్బమ్ మోనోలోనూ (ధ్వని అంతా ఒకే ధారగా), స్టీరియోలోనూ (ఎడమ, కుడి వేరుగా) వచ్చింది. అమెరికాలో స్టీరియో మాత్రమే అమ్మారు. మోనో ప్రతిలో ‘హెల్టర్ స్కెల్టర్’ ముప్పావు నిమిషానికి పైగా పొట్టిది, రింగో కేక అసలే లేదు. అంటే 1968లో మోనో కొన్న బ్రిటిష్ శ్రోతకు ఈ పాట కేక తరువాత రాలేదు, సద్దుమణిగిన హోరు తరువాత వచ్చింది. పాట మొదలయ్యే తీరు గురించి మనం వాదించుకునేటప్పుడు ఏ ప్రతి గురించి మాట్లాడుతున్నామో చెప్పుకోవడం అవసరం.

ఆస్టిన్‌వాసి:

నేను ఈ పాటను రికార్డు మీద ఎన్నడూ వినలేదు. ఫోనులో పాటలు వరుస కలిపి వినే కాలం మాది. అక్కడ దీని పరిస్థితి మరీ అధ్వానం. కారులో వెళుతుండగా ‘హెల్టర్ స్కెల్టర్’ తరువాత ఇది వస్తే, ధ్వని తగ్గిపోయిందనుకుని పెంచుతాం. పెంచిన వెంటనే డ్రమ్స్ వచ్చి చెవి మీద పడతాయి. తగ్గిస్తాం, గొంతు మాయమవుతుంది. పాట ముగిసీ ముగియగానే ‘రివల్యూషన్ 1’ గిటారు మొదలైపోతుంది. ముల్లు ఎత్తి రికార్డు తిప్పే విరామం పోవడం వల్ల చివరి వణుకు తరువాత ఉండవలసిన నిశ్శబ్దం కూడా పోయింది. సీడీ వచ్చినప్పటి నుంచే ఇదే వరస అని పెద్దలు చెబుతారు. పాటను ఆ చోట పెట్టినవారు మన కాలాన్ని ఊహించలేదు గనుక వారిని తప్పుపట్టలేను.

ఇంతకీ ఆ వరుస ఎవరు నిర్ణయించారు? హారిసన్ ఒప్పుకున్నాడా?

పాతరికార్డు:

అక్టోబరు 16 సాయంత్రం మొదలుపెట్టి 17 దాకా, దాదాపు 24 గంటలు ఏకబిగిన కూర్చుని లెనన్, మెకార్ట్నీ, జార్జ్ మార్టిన్ వరుస కట్టారు. హారిసన్ 16నే లాస్ ఏంజెలిస్ వెళ్ళిపోయాడు. బీటిల్స్ సొంత రికార్డు సంస్థ ఏపిల్ కోసం గాయకుడు జాకీ లోమాక్స్ ఆల్బమ్ పని అక్కడ అతని కోసం ఎదురుచూస్తోంది. రింగో అంతకు ముందే సెలవు మీద వెళ్ళాడు. కాబట్టి ఈ పాట చోటును నిర్ణయించిన రాత్రి దాన్ని రాసినవాడు ఆ గదిలో లేడు.

వాళ్ళు పెట్టుకున్న సూత్రాలు కొన్ని ఆల్బమ్ చూస్తేనే తెలుస్తాయి. హారిసన్ పాటలు నాలుగు, వైపుకు ఒకటి చొప్పున పంచారు: మొదటి వైపు ‘వైల్ మై గిటార్’, రెండో వైపు ‘పిగ్గీస్’, మూడో వైపు ఇది, నాలుగో వైపు ‘సవాయ్ ట్రఫుల్’. రెండో వైపున జంతువుల పేర్లున్న పాటలను పక్కపక్కన చేర్చారు. గట్టి రాక్ పాటలు ఎక్కువగా మూడో వైపుకు చేరాయి. అంటే హారిసన్ పాటల్లో అన్నిటికంటే మెత్తనిది, ఆల్బమ్‌లో అన్నిటికంటే గట్టి వైపుకు వచ్చి పడింది. దీన్ని అన్యాయం అనడానికి నాకు నోరు రావడం లేదు గానీ, అతన్ని అడిగి చేసిన పని అనుకోవడానికి మాత్రం ఆధారం కనబడదు.

తంబుర:

ఇంతవరకు ఎవరూ ముట్టని విషయం ఒకటి ఉంది: ఈ పాట ఎవరిని ఉద్దేశించింది. వింటే ఇది ఎడబాటు తరువాత మళ్ళీ కలిసిన ప్రేమికుడి మాటలాగే ఉంటుంది. ఎంతో కాలమైంది, నిన్ను పోగొట్టుకున్నాను, ఎలా పోగొట్టుకున్నానో తెలియదు, ఇప్పుడు నిన్ను చూడగలుగుతున్నాను అన్నంతే సారం. కానీ ఆ ‘నువ్వు’ భగవంతుడని హారిసనే చెప్పాడు. ప్రియుడిని పిలుస్తూ దేవుణ్ణి పిలవడం మనకు కొత్త కాదు. క్షేత్రయ్య పదాలు విన్నవారికి ఆ దారి తెలిసిందే. అయితే క్షేత్రయ్య పదంలో మువ్వగోపాల అన్న ముద్ర వచ్చేసరికి నాయిక ఎవరి కోసం వేగిపోతోందో ఎంతటి అజాగ్రత్త శ్రోతకైనా తెలిసిపోతుంది. హారిసన్ ఆ ముద్ర వేయలేదు. పాటలో దేవుడి పేరు లేదు, ప్రార్థన అన్న గుర్తు లేదు. రెండేళ్ళ తరువాత, 1970లో, ‘మై స్వీట్ లార్డ్’లో అతను పేరు పెట్టి, బృందగానంతో, హరేకృష్ణ నామాలతో సహా పిలిచాడు, అది ప్రపంచమంతా మోగింది. పేరు పెట్టకుండా పిలిచిన ఈ పాట మూలన ఉండిపోయింది. నా మట్టుకు రెండింటిలో ఇదే నిజాయితీ ఎక్కువ గల పాట. ‘మై స్వీట్ లార్డ్’ ఎదుటివారిని కలుపుకుపోవాలని చూస్తుంది. ఇందులో పక్కన ఎవరైనా ఉన్నారన్న ధ్యాసే లేదు.

ఇక మూడో వైపు వరుసను మరోసారి చూడండి. ఈ పాటకు రెండు పాటల ముందు ‘సెక్సీ సేడీ’ ఉంది. 1968 ఫిబ్రవరిలో నలుగురూ రిషీకేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి చేరారు. రింగో కొద్ది రోజులకే, మెకార్ట్నీ మార్చిలో తిరిగివెళ్ళారు. లెనన్, హారిసన్ ఏప్రిల్‌లో మనసు విరిగి బయటపడ్డారు. ఆ కోపంలో లెనన్ మహర్షి పేరునే పెట్టి ఒక పాట కట్టాడు; ఆ పేరు తీసి సేడీ అని మార్చమన్నది హారిసనే. లెనన్ గురువుతో పాటు ఆ దారినే వదిలేశాడు. హారిసన్ గురువు విషయంలో ఏమనుకున్నా దారిని వదలలేదు. ఒకే వైపున ఒక పాట గురువును ఎండగడుతుంది, తరువాతి పాట చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది, ఆ వెంటనే ఈ పాట దేవుడు మళ్ళీ కనబడ్డాడని మెల్లగా చెబుతుంది. వరుస కట్టినవారు ఇలా ఆలోచించి ఉండకపోవచ్చు. వినేవాడికి మాత్రం అది అలాగే అందుతుంది. నల్లరేగడి గారి ప్రశ్నకు నా జవాబు ఇదే: చోటు సరైనదే, ఎవరూ అనుకోకుండా సరైనది.

వేపచెట్టు:

తంబుర గారి పఠనం అందంగా ఉంది, కానీ దాని బరువంతా పాట బయటి నుంచి వచ్చిన ఒక వాక్యం మీద నిలబడి ఉంది. పుస్తకంలో హారిసన్ ఆ మాట చెప్పి ఉండకపోతే మనం దీన్ని ప్రేమపాటగానే వినేవాళ్ళం కాదా? ముద్ర లేని భక్తిని భక్తి అని గుర్తుపట్టించడానికి కవి పన్నెండేళ్ళ తరువాత 1980లో పుస్తకం రాయవలసి వచ్చిందంటే, పాటలో ఏదో లోటు ఉన్నట్టే. ‘నాట్ గిల్టీ’కి అలాంటి వ్యాఖ్యానం అక్కరలేదు; కోపం, ఎత్తిపొడుపు విన్న వెంటనే తెలుస్తాయి.

మూడోమెట్టు:

ప్రేమపాటగా విన్నా దానికి వచ్చిన నష్టం ఏమిటో నాకు అర్థం కాలేదు. ముగింపును తీసుకోండి. మామూలు ప్రేమపాట అయితే కలిశామన్న సంతోషంతో మొదటి స్వరానికి చేరి హాయిగా ఆగుతుంది. ఇక్కడ కలిశామని చెప్పిన తరువాతే అసలు వణుకు మొదలవుతుంది. ఆర్గన్ ఒక స్వరాన్ని పట్టుకుని వదలదు, సీసా గడగడలాడుతుంది, గొంతు మాటలు మాని అరుపుకూ ఏడుపుకూ మధ్య ఎక్కడో తేలుతుంది. మనిషి మనిషిని కలిసినప్పుడు ఇలా జరగదు. పుస్తకం చదవకముందే, ఆ అరనిమిషం విన్నప్పుడే, ఇది మామూలు ప్రేమ గురించి కాదని నాకు తోచింది. భయపెట్టే ముగింపని కొందరంటారు. పెద్దదేదో ఎదురైనప్పుడు భయం కలగడంలో వింత లేదు. ఇటీవలి తరంలో గాయకుడు జిమ్ జేమ్స్ హారిసన్ పాటలతో 2009లో తెచ్చిన చిన్న రికార్డులో దీన్ని కూడా పాడాడు.

ఆస్టిన్‌వాసి:

చివరిగా ఒక సందేహం. ఈ పాటను మొదటిసారి శ్రద్ధగా వినాలనుకునేవారు ఏ ప్రతి వినాలి? 2018లో కొత్త మిక్స్, అంటే గొంతులూ వాద్యాలూ కొత్తగా కలిపిన ప్రతి, వచ్చిందని విన్నాను.

శబ్దశాల:

అవును. ఆల్బమ్ యాభై ఏళ్ళ సందర్భంగా 2018లో జైల్స్ మార్టిన్, శామ్ ఒకెల్ కలిసి కొత్తగా మిక్స్ చేశారు. గొంతు కొంత ముందుకు వచ్చింది కనుక కారులో వినేవారికి అదే అనుకూలం. ఆ మిక్స్‌తో పాటు వచ్చిన బాక్స్ సెట్‌లోనే ఈ పాట 44వ టేకు కూడా ఉంది. మొదటి రోజు తీసిన 67లో అదొకటి కాబట్టి బేస్, రెండో గొంతు, పియానో అప్పటికి లేవు. గిటారు, ఆర్గన్, డ్రమ్స్, ఒక్క గొంతు. మూడోమెట్టు గారు చెప్పిన డ్రమ్స్ సంగతి వినడానికి దానికి మించింది లేదు. అదే సంవత్సరం మే నెలలో ఈషర్‌లోని హారిసన్ ఇంట్లో చేసిన తొలి నమూనా రికార్డింగులూ ఆ సెట్‌లో ఉన్నాయి గానీ, వాటిలో ఈ పాటను వెతకకండి, లేదు. వేపచెట్టు గారి కోసం చెబుతున్నాను, ‘నాట్ గిల్టీ’ ఉంది.

నా సలహా ఏమిటంటే ముందు 44వ టేకు, తరువాత 1968 స్టీరియో, రెండూ హెడ్‌ఫోన్లలో. స్టీరియో వినేటప్పుడు మాత్రం ‘హెల్టర్ స్కెల్టర్’ నుంచే మొదలుపెట్టండి, మధ్యలో ధ్వని పెంచకండి.